చెన్నై క్యాంపులో వైఫై, డేటా ఖర్చు లెక్కలో ఎలా రాయాలి?

ప్రశ్న: చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం, ప్రొప్రయిటర్‌షిప్, జీఎస్‌టీ ఉంది. నెలకు రెండుసార్లు చెన్నై వెళ్లాలి. లాడ్జిలో వైఫైకి రోజుకు 200 విడిగా వేస్తున్నారు, సెల్లుకు డేటా ప్యాక్ అదనం. రెండూ ఖర్చు రాసుకోవచ్చా? జీఎస్‌టీ వెనక్కొస్తుందా?

జవాబు 1: ఖర్చు రాసుకోవచ్చు. జీఎస్‌టీ మాత్రం ఆశ వదులుకోండి. లాడ్జి బిల్లులో సీజీఎస్‌టీ (కేంద్రం వాటా)తోపాటు పడేది తమిళనాడు ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా), మీ రిజిస్ట్రేషనేమో ఆంధ్రాది. బిల్లు మీద మీ జీఎస్‌టీ నంబరు వేయించుకున్నా క్రెడిట్ (కట్టిన జీఎస్‌టీని మీరు కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) రాదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 200 మీద 18 శాతం వేశారనుకోండి, 236 మొత్తం ప్రయాణ ఖర్చులో వేసేయండి.

జవాబు 2: డేటా సంగతి వేరు. యూపీఐ స్క్రీన్‌షాట్ డబ్బు కట్టినట్టు చూపుతుందంతే, అది ఇన్‌వాయిస్ కాదు. ఆపరేటర్ యాప్‌లోంచి ఇన్‌వాయిస్ దించుకోండి. అంతకన్నా మేలు, చిత్తూరు చిరునామాతో వ్యాపారం పేరిట పోస్ట్‌పెయిడ్ తీసుకుని జీఎస్‌టీ నంబరు చేర్పించండి. ఆ 18 శాతం జీఎస్‌టీఆర్-2బీలో (మీ కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్ చూపే జీఎస్‌టీ పోర్టల్ పట్టీ) కనబడితే క్రెడిట్ తీసుకోవచ్చు. అదే సిమ్ హాట్‌స్పాట్‌తో ఇంట్లో పిల్లలు సినిమాలు చూస్తుంటే ఆ వాటా మాత్రం తీసేయాలి.

ప్రశ్న అడిగినవారు: వైఫై గది అద్దెలోనే కలిపేస్తే?

జవాబు 1: విడదీయక్కర్లేదు, అంతా బస ఖర్చే.

జవాబు 3: అసలు మీ ఆదాయపు పన్ను రిటర్న్ ఏ పద్ధతిలో వేస్తున్నారు? ప్రిజంప్టివ్‌లో (అంచనా లాభం పద్ధతి) టర్నోవర్ మీద 6 లేదా 8 శాతం లాభం చూపిస్తుంటే ఈ ఖర్చులేవీ ఆ లాభంలోంచి విడిగా తీసేయడానికి లేదు.