యాభై దాటిన పొడి ముఖానికి ఇంటి క్రీము: సీసాలో నీళ్లు ఉండొచ్చా?

సునాబెడ కోడలు:
మా అత్తగారికి అరవై దాటాయి. చలి మొదలైతే చాలు, బుగ్గల మీద పొట్టు లేస్తుంది, నవ్వితే పెదాల పక్కన చర్మం చిట్లుతుంది. బజారు క్రీముల వాసన ఆవిడకి పడదు. కలబంద గుజ్జు, గులాబీ నీళ్లు, బాదం నూనె మిక్సీలో కొట్టి నెలకి సరిపడా పెట్టుకోమని ఒకరు, అసలు నీటిచుక్క తగలనివ్వొద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

బరంపురం పిన్ని:
కలబందే చెయ్యమ్మా. పెరట్లో మొక్కుంటే ఖర్చేటి? పొడి చర్మానికి కావలసింది తేమ. ఉత్త నూనె పూస్తే జిడ్డే మిగుల్తుంది. నేనైతే గ్లిజరిన్ కూడా కలుపుతాను. ఇన్నేళ్లూ నా ముఖానికి ఏమీ కాలేదు.

కొరాపుట్ మందులషాపు:
తేమ కావాలన్నమాట నిజమే పిన్నిగారూ. కానీ నీళ్లు, కలబంద గుజ్జు నిలవున్న చోట బాక్టీరియా, బూజు పెరుగుతాయి. బూజు కంటికి ఆనేసరికే క్రీము పాడైపోయి ఉంటుంది. ఆ వయసులో చర్మం పలచబడి, అక్కడక్కడా చిట్లి కూడా ఉంటుంది. విటమిన్ ఇ క్యాప్సూల్ పిండితే నిలవుంటుందని చాలామంది నమ్మకం. అది నూనెకి పాతవాసన పట్టకుండా చూస్తుంది, అంతే. సూక్ష్మజీవుల జోలికి పోదు. వాటి కోసం ఫినాక్సీఇథనాల్ లాంటి నిలవ మందు వెయ్యాలి, అదీ 1 శాతం దాటకుండా. గ్రాముల తూకం లేని వంటింట్లో ఎలా కుదురుతుంది?

బరంపురం పిన్ని:
ఫ్రిజ్ దేనికుంది తమ్ముడూ!

కొరాపుట్ మందులషాపు:
ఫ్రిజ్‌లో పెట్టినా కొంచెమే చేసి మూడు నాలుగు రోజుల్లో అవగొట్టాలి. నెల సీసా వద్దు. ఇంకో సంగతి, మీకు గోపాలపురం సముద్రపు గాలి తగుల్తుంది, గ్లిజరిన్‌కి లాక్కోడానికి తేమ దొరుకుతుంది. ఈ కొండమీద డిసెంబరు గాల్లో ఏముంది? ఉత్త గ్లిజరిన్ రాస్తే అది చర్మం లోపలి నీటినే పైకి లాగుతుంది.

గుణుపురం మాస్టారు:
శతధౌత ఘృతం మాట ఎవరూ ఎత్తరేటండీ? ఆవునెయ్యి రాగి పళ్లెంలో వేసి, నీళ్లు పోసి అరచేత్తో రుద్ది, ఆ నీళ్లు వంచేసి మళ్లీ పొయ్యాలి. ఇలా నూరుసార్లు. నేతి వాసన పోయి తెల్లగా, మెత్తగా తేలుతుంది. కాలిన చోట మా ఇంట్లో అదే రాసేవారు. మీ నిలవ మందులు రాకముందు మనుషులకి ముఖాలు లేవా?

జయపురం టీచరు:
ముఖాలకేం, ఉన్నాయి మాస్టారూ. కానీ నూరుసార్లు కడిగిన నేతిలోనూ నీళ్లు చిక్కుకునే ఉంటాయి. తాజాగా చేసి తొందరగా వాడేస్తే అభ్యంతరం లేదు, నెలలకొద్దీ దాస్తేనే పేచీ.

కోడలుగారూ, నేను చేసేది చెప్తా. తేనెమైనం ఒక వంతు, నూనె ఆరు వంతులు. అంటే 10 గ్రాములకి 60. వేడినీళ్లలో గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా పొయ్యి మీద వద్దు. మైనం 62 డిగ్రీలు దాటాక కరుగుతుంది. గిన్నె, చెంచా, సీసా ఎండలో ఆరినవై ఉండాలి. నూనెలో సగం సంతలో దొరికే ఇప్పనూనె, సగం పొద్దుతిరుగుడు. ఇప్పనూనె చలికి తనే గడ్డకడుతుంది కాబట్టి శీతాకాలం మైనం కాస్త తగ్గించినా నిలుస్తుంది. డబ్బు పోసి ఆలివ్ నూనె కొనకండి. అందులో ఒలీయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, అది చర్మపు పైపొర పట్టుని సడలిస్తుందని పరీక్షల్లో తేలింది.

ముఖం కడిగి తువ్వాలుతో అద్దుకుని, ఇంకా చెమ్మ ఉండగానే బఠాణీగింజంత తీసి రాయాలి. పిన్నిగారడిగిన తేమ అప్పుడు కింద చిక్కుకుంటుంది.

గుణుపురం మాస్టారు:
ఇప్పనూనెలోనూ ఒలీయిక్ ఎక్కువే కదా టీచరుగారూ? ఆలివ్ చేసిన పాపమేటి?

జయపురం టీచరు:
అందుకే సగం పొద్దుతిరుగుడు పెట్టాను. దాన్లో లినోలీయిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం ఎక్కువ, పైపొరకి అది మేలు. పూర్తిగా ఇప్పనూనెతో చెయ్యమని నేనెప్పుడూ అనలేదు.

కొరాపుట్ మందులషాపు:
షాపువాణ్ణి కాబట్టి అంటున్నాననుకోకండి. వాసన పడకపోవడమే బాధైతే, వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ చెమ్మ ముఖం మీద పలచగా రాస్తే ఈ మైనం పని అంతా అయిపోతుంది. చర్మంలోంచి ఆవిరయ్యే నీటిని అంత గట్టిగా ఆపేది వంటింట్లో ఏదీ లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ముట్లుడిగాక మొదటి ఐదేళ్లలోనే చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీను 30 శాతం దాకా తరిగిపోతుంది. ఇంటిదైనా బజారుదైనా మాయిశ్చరైజరు దాన్ని తిరిగి తేలేదు. పొట్టు, మంట తగ్గితే చాలనుకుని చెయ్యండి.

సునాబెడ కోడలు:
జెల్లీ అంటే ఆవిడ ఒప్పుకోరు, పెట్రోలు అంటారు! ఇప్పనూనె వాసనకి ఏమంటారో మరి.

జయపురం టీచరు:
గానుగ నుంచి వచ్చింది ఘాటుగానే ఉంటుంది. ముందు పొద్దుతిరుగుడు ఒక్కదాంతోనే చేసి చూడండి. మోచేతి మడతలో రెండు రోజులు రాసి, దద్దురు రాకపోతేనే ముఖానికి. నిమ్మరసం మాత్రం ఎవరు చెప్పినా కలపొద్దు.

బరంపురం పిన్ని:
అందరూ కలిసి నా కలబందని పెరట్లోకి తోలేశారు. మా ఊళ్లో కల్తీలేని తేనెమైనం ఏ కొట్లో దొరుకుతుందో ముందది చెప్పండి.