ఖర్జూరం పండు గుణాలు చూసి, పురుగు తట్టుకునే రకమేదో చెప్పగలమా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఖర్జూరం రకాలు పోల్చి చూస్తున్నాను. తొక్క మందంగా ఉండి కాయ బాగా వగరుగా ఉంటే పురుగు పట్టదని ఒకరంటారు, తీపి ఎక్కువైతే పురుగు ఎక్కువని ఇంకొకరు. బర్హీకి పెద్దగా పట్టదు, డెగ్లెట్ నూర్‌కి బాగా పడుతుంది అని కూడా విన్నాను. ఇందులో ఏది నమ్మాలి?

జవాబు 1:
ఏ పురుగు గురించో ముందు తేల్చుకోండి, లేకపోతే ఈ చర్చ ఎటూ తేలదు. ఎర్రముక్కు పురుగు మానును తొలిచి చెట్టునే చంపుతుంది, దానికి పండుతో పనే లేదు. పంటకు పట్టే చిన్న నల్లి (మైట్) పచ్చి కాయ మీద, అంటే కిమ్రి దశలో పడుతుంది. తొక్క గీకి రసం పీల్చి గూడు అల్లుతుంది, ఆ గూటికి దుమ్ము పట్టి గెలంతా మట్టి రంగులోకి వస్తుంది. కాయ రంగు తిరిగి చక్కెర పెరిగేకొద్దీ నల్లి తగ్గుతుంది, కాబట్టి తీపి సూత్రం ఇక్కడ పూర్తిగా తలకిందులు. పులిసిన వాసనకు వచ్చే చిన్న పెంకు పురుగులకేమో మెత్తబడి నీరున్న రుతబ్ పండే కావాలి, తొక్క పగిలితే ఇంకా సులువు.

జవాబు 2:
పై మాటకు కారోబ్ చిమ్మట కలపండి, డెగ్లెట్ నూర్‌కి అసలు బెడద అదే. దాని లార్వా ఎక్కువగా ముచ్చిక దగ్గర నుంచి లోపలికి పోతుంది. పండు ముదిరి కుంచించుకుంటే ముచ్చిక కింద సందు ఏర్పడుతుంది, అందుకే నా దృష్టిలో తొక్క మందం కన్నా ముచ్చిక ఎంత గట్టిగా అతుక్కుని ఉందన్నది ముఖ్యం. రాలిన కాయలు గెలలోనే ఇరుక్కుంటే వాటిలోనూ ఇది పెరుగుతుంది, వాటిని దులిపేయాలి.

బర్హీ సంగతి వేరు. దాన్ని చాలామంది ఖలాల్ దశలోనే, పసుపుగా గట్టిగా ఉండగానే కోసేస్తారు. డెగ్లెట్ నూర్ ఆలస్యంగా పండి, ఎండేదాకా చెట్టు మీదే ఉంటుంది. ముందే కోసేసినందువల్ల తప్పించుకున్న పండును తట్టుకునే రకం అనడం సరికాదు, రెండూ ఒకే దశలో ఉన్నప్పుడు పోల్చాలి కదా.

ప్రశ్న అడిగినవారు:
ఇది నేను ఆలోచించలేదండీ, థాంక్స్. మరి వగరు సంగతి?

జవాబు 1:
వగరుకు కారణం టానిన్లు. కిమ్రిలో ఇవి బాగా ఉంటాయి, పండేకొద్దీ కరగని రూపంలోకి మారి వగరు పోతుంది. బర్హీలో ఆ వగరు ఖలాల్ నాటికే చాలావరకు పోతుంది, ఆ దశలోనే తినడానికి బాగుండేది అందుకే. కాయ వగరు ముదిరిన పండుకు రక్షణ ఇస్తుందని లెక్క వేసుకోకండి. రకాలు నిజంగా పోల్చాలంటే ఒకే తోటలో, ఒకే దశలో, గెల పైనుంచీ లోపలి నుంచీ కాయలు తీసి కోసి చూడండి, ముచ్చిక ఎత్తి దాని కింద కూడా. వాటిలో కొన్ని గెలలకు సంచి కట్టి, కొన్నిటికి కట్టకుండా వదిలితే ఎంత తేడా రకానిదో, ఎంత రక్షణదో తెలుస్తుంది.