మాంత్రికుడి ప్రాణం చిలుకలో పెట్టాను, చిలుక చచ్చినా వాడు చావట్లేదు (సివిలైజేషన్ 2 సినారియో)

తోకచుక్క: అందరికీ నమస్తే. సివిలైజేషన్ 2 అనే కంప్యూటర్ ఆట మల్టీప్లేయర్ గోల్డ్ ఎడిషన్‌లో (1998 నాటిది) సొంతంగా ఒక జానపద సినారియో, అంటే సొంత మ్యాప్, సొంత కథ ఉన్న ఆట, చేస్తున్నాను. కథ మీకు తెలిసిందే. ఏడు సముద్రాల అవతల దీవి, దీవిలో మర్రిచెట్టు, చెట్టు తొర్రలో చిలుక, చిలుకలో మాంత్రికుడి ప్రాణం. ఆడేవాళ్లది రాజకుమారుడి పక్షం. మ్యాప్ గీయడం అయిపోయింది, రూల్స్ ఫైల్లో (ఆట నియమాలుండే ఫైలు) యూనిట్ల, అంటే మ్యాప్ మీద ఆడే పాత్రల, పేర్లు మార్చాను. మూడు చోట్ల ఇరుక్కున్నాను.

చిలుకను చంపగానే మాంత్రికుల నాగరికత మొత్తం పోవాలని ఈవెంట్ (ఇది జరిగితే అది చెయ్యి అనే ఆదేశం) రాశాను. చంపాను, ఏమీ కాలేదు. వాళ్లు హాయిగా ఊళ్లు కట్టుకుంటున్నారు.

పదో టర్నులో చెట్టు చుట్టూ నలుగురు రాక్షసులు పుట్టాలి. నలుగురికీ విడివిడిగా ఈవెంట్లు రాశాను. ఇద్దరే పుడుతున్నారు. చెట్టు 62,24 దగ్గర ఉంది. రాక్షసుల చోట్లు 61,23; 63,25; 62,23; 61,24.

పైగా చిలుక తొర్రలో ఉండట్లేదు. కంప్యూటర్ దాన్ని దీవంతా షికారు తిప్పుతోంది. మొన్న ఒక ఆటలో ఓడెక్కి మా రేవు దాకా వచ్చేసింది.

చిలుక ఈవెంట్ ఇదీ (ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాలే, ఇక్కడ తెలుగులో రాస్తున్నా): ఇఫ్, యూనిట్ కిల్డ్, యూనిట్ = చిలక, అటాకర్ = ఎనీబడీ, డిఫెండర్ = మాంత్రిక్. దెన్, డిస్ట్రాయ్ ఎ సివిలైజేషన్, హూమ్ = మాంత్రిక్. అంటే చిలుకను ఎవరు చంపినా మాంత్రికుల నాగరికత నాశనం కావాలి.

మర్రిఊడ: తమ్ముడూ, ముందు రాక్షసుల సంగతి చూద్దాం. సందు చుక్కల ముగ్గు చూశావు కదా? ఒక వరస చుక్కల మధ్య ఖాళీల్లో తర్వాతి వరస చుక్కలు పడతాయి. ఈ ఆట మ్యాప్ అచ్చంగా అలాంటిదే. అందుకే ఒక గడికి ఉండే రెండు అంకెలూ సరి సంఖ్యలైనా కావాలి, బేసి సంఖ్యలైనా కావాలి. ఒకటి సరి, ఒకటి బేసి అయితే ఆ గడి మ్యాప్‌లోనే లేదు. నువ్విచ్చిన 62,23 గానీ 61,24 గానీ ఎక్కడా లేవు. ఆ రాక్షసులు పుట్టడానికి నేల లేదు, అంతే.

62,24 చుట్టూ ఉండే గడులు ఎనిమిది: 61,23, 63,23, 61,25, 63,25, 62,22, 62,26, 60,24, 64,24. వీటిలో నాలుగు ఎంచుకో. ఒక్కో ఈవెంట్‌లో ఒకే జత రాసి వదిలెయ్యకు, రెండు మూడు జతలు ఇవ్వు. మొదటి చోటు కుదరకపోతే తర్వాతిది చూసుకుంటుంది. అంకెలు లెక్కకట్టి రాసేకన్నా కర్సర్ ఆ గడి మీద పెట్టి, పక్కన స్టేటస్ కిటికీలో కనపడేవి ఎత్తి రాయడం మేలు.

ఇక చిలుక షికారు. దాన్ని విమానాల కోవలో పెట్టావా ఏంటి? పక్షి కదా అని చాలామంది అలాగే పెడతారు. పెట్టావంటే రేంజ్, ఇంధనం గొడవలు మీదపడతాయి. నేల యూనిట్‌గానే ఉంచు, అంటే డొమైన్ 0. నడక (కదిలే శక్తి) కూడా 0 చెయ్యి. రోల్ 1 పెట్టు, అది కాపలా పాత్ర. చిలుకను పుట్టించే ఈవెంట్‌లో హోమ్ సిటీ (పోషించే ఊరు) దగ్గర నన్ (ఏదీ లేదు) అని రాయి. ఏ ఊరూ పోషించక్కర్లేదు కాబట్టి సరుకు చాలక కంప్యూటర్ దాన్ని రద్దు చేస్తుందన్న టెన్షన్ ఉండదు.

ఇంకొకటి. చిలుక ఉన్న గడిలోనే రాక్షసుణ్ణి కాపలా పెట్టకు. ఊరూ కోటా లేని గడిలో, పోరాడిన యూనిట్ ఓడితే దాంతో ఉన్నవన్నీ పోతాయి. చిలుక ఒక్క దెబ్బా తినకుండా గుంపులో పోతుంది. అలాంటి చావుకు నీ ఈవెంట్ పలుకుతుందని నేనైతే భరోసా పెట్టుకోను. తొర్రలో చిలుక ఒంటరిగా, రాక్షసులు చుట్టుపక్కల గడుల్లో. కథలోనూ అంతే కదా.

కాగడా: అసలు మాంత్రికుడు ఎందుకు చావట్లేదో ఎవరూ చెప్పలేదు. ఈవెంట్‌లో చిలక అని రాశారు. రూల్స్ ఫైల్లో ఏమని ఉంది?

తోకచుక్క: చిలుక అని. ఓరి దేవుడా. ఇంట్లో చిలక అంటాం, పుస్తకాల్లో చిలుక అని చదువుతాం. రెండూ రాసేశాను.

కాగడా: రెండు ఫైళ్లలోనూ ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. డిఫెండర్ పేరు కూడా చూసుకోండి. రూల్స్ ఫైల్ లీడర్స్ భాగంలో తెగకు రెండు పేర్లుంటాయి, రోమన్స్, రోమన్ అన్నట్టు. ఈవెంట్లకు బహువచనమే కావాలి. మీరు మాంత్రిక్ అన్నది విశేషణం. మాంత్రికులు అని ఏ స్పెల్లింగ్‌తో పెట్టారో అదే రెండు చోట్లా రాయండి. తెలుగు లిపిలో పెడదామని మాత్రం చూడకండి. ఆ కాలపు ఆటకు యూనికోడ్ (అన్ని లిపులకూ పనికొచ్చే అక్షరాల పద్ధతి) తెలియదు, చెత్త గుర్తులు వస్తాయి. నోట్‌ప్యాడ్‌లో ఏఎన్‌ఎస్‌ఐగా (పాత అక్షరాల పద్ధతి) సేవ్ చేయండి. ఫైల్ పేరు చివర టిఎక్స్‌టి రెండుసార్లు పడిందేమో కూడా చూడండి. విండోస్ ఆ తోకను దాచిపెడుతుంది కాబట్టి కంటికి కనపడదు.

మర్రిఊడ: నా కళ్లజోడు మార్చుకోవాలి. పరీక్షించడానికి ప్రతిసారీ మొదటి నుంచి ఆడకు. చీట్ మెనూలోంచి (ఆటను మధ్యలో మార్చుకునే మెనూ) చెట్టు పక్కన ఒక బలమైన యూనిట్‌ను పుట్టించి కొట్టి చూడు. రెండు నిమిషాల పని.

తోకచుక్క: థాంక్స్ అన్నా. ఇంకొక్కటి. రెక్కల గుర్రాన్ని ఎలా పెట్టాలి? యుద్ధవిమానంలా పెడితే టర్ను చివరికి ఊరు చేరక కూలిపోతోంది.

మర్రిఊడ: దాన్నీ నేలమీదకే దించు. రూల్స్ ఫైల్లో యూనిట్ వరస చివర పదిహేను సున్నాలుంటాయి చూడు, కుడివైపు నుంచి లెక్కపెట్టి పదోది 1 చెయ్యి. అది ఆల్పైన్ దళాల గుణం. కొండైనా అడవైనా రోడ్డు మీద పోయినట్టు పోతుంది. రోడ్డు మీద ఒక నడకకు మూడు గడులు కాబట్టి, నడక 2 ఇస్తే ఒక టర్నులో ఆరు గడులు. ఎడమ నుంచి లెక్కపెడితే దానికి బదులు ఓడ గుణం పడుతుంది, తీరం దాటని గుర్రం తయారవుతుంది.

వెన్నెలకుప్ప: బొమ్మల గురించి ఎవరూ అడగలేదు గానీ, యూనిట్ల బొమ్మల ఫైల్ 256 రంగుల్లోనే, పాత రంగుల పట్టికతోనే సేవ్ చేయండి. నేను పెయింట్‌లో మామూలుగా సేవ్ చేసి ఒక సాయంత్రమంతా ఊదారంగు రాక్షసులతో గడిపాను. ఒక్కో బొమ్మకు 64×48 పిక్సెళ్ల పెట్టె. పెట్టె గీత మీద ఉండే చిన్న నీలి చుక్కలు చెరపకండి. డాలు (యూనిట్ బొమ్మ పక్కన కనపడే చిన్న గుర్తు) ఎక్కడ కనపడాలో ఆటకు చెప్పేవి అవే. మార్చిన ఫైళ్లన్నీ సినారియో ఉన్న ఫోల్డర్లోనే పెట్టండి, అసలు ఫైళ్లు ముట్టుకోనక్కర్లేదు.

తోకచుక్క: రిపోర్ట్. నలుగురు రాక్షసులూ పుట్టారు. చిలుక కదలట్లేదు. గుర్రంతో వెళ్లి కొట్టాను, మాంత్రికుల ఊళ్లన్నీ మ్యాప్ మీంచి ఒక్కసారిగా మాయమయ్యాయి. మా చెల్లి పక్కనుండి చూసి, చిలుకను కనీసం పంజరంలో పెట్టొచ్చుగా, చంపడమెందుకు అంటోంది. యూనిట్‌ను పట్టుకునే ఈవెంట్ లేదు కదా?

కాగడా: లేదు. కానీ తొర్ర గడిలో మాంత్రికుల ఊరొకటి పెట్టి, దానికి పంజరం అని పేరుపెట్టండి. యూనిట్ కిల్డ్ తీసేసి సిటీ టేకెన్ రాయండి. ఊరు పట్టుకుంటే చిలుక చిక్కినట్టే. పేరు రాసేటప్పుడు స్పెల్లింగ్ జాగ్రత్త.