స్పాట్లు, పాత పుస్తకాలు, సినిమాలు: దోస్తులతో పంచుకుంటారా, దాచుకుంటారా?

మత్తడి:
వరంగల్, ములుగు, జనగామ వైపు గాలం వేసే అలవాటున్నవాళ్లు చెప్పండి. నాకు ఇష్టమైన చెరువు ఒకటి ఉంది. పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మత్తడి (చెరువు అలుగు) కింద వాగులో చిన్న మడుగు, చుట్టూ తుంగ, పైన సర్కారు తుమ్మలు. ఏళ్ల తరబడి ఒక్కణ్నే పోయేవాణ్ని. పోయిన వానాకాలం ఒక దోస్తును తీసుకెళ్లాను. బెండు ఎంత లోతుకు కట్టాలి, కొర్రమట్టకు (కొర్రమీనుకు) కప్ప ఎట్లా గుచ్చాలి, రవ్వ చేపకు తవుడు ముద్ద ఎంత గట్టిగా ఉండాలి, అన్నీ నేర్పాను. వాడు వీడియో తీసి పెట్టాడు. ఊరి పేరు, ఎక్కడ మలుపు తిరగాలో కూడా చెప్తూ. నెల తిరగకముందే ఆదివారం వస్తే బండి పెట్టడానికి జాగా లేదు. గడ్డిలో బిర్యానీ డబ్బాలు, సీసాలు. చివరికి మత్స్యకార సొసైటీవాళ్లు వచ్చి అందరినీ వెళ్లగొట్టారు, నాతో సహా. మనకు ఇష్టమైనదాన్ని దోస్తుతో పంచుకోవాలా? నేనైతే వద్దంటాను.

కాజీపేట జంక్షన్:
ఏ చెరువన్నా?

మత్తడి:
పోస్టు మళ్లీ చదువు తమ్మీ.

రెండో ఆట:
మీ దోస్తు చేసిన నేరం ఏంటో నాకు అర్థం కాలేదు. బాగుందనిపించింది, పదిమందికి చెప్పాడు. ఇష్టం అంటేనే అది. మేము వీసీపీ కిరాయికి తెచ్చుకునే రోజుల్లో చందాలు వేసుకుని రాత్రంతా మూడు క్యాసెట్లు చూసేవాళ్లం. చందా ఇవ్వలేనివాడు కూడా గోడ పక్కన కూర్చుని చూసేవాడు, ఎవరూ లేపలేదు. ఒక్కడే కూర్చుని సినిమా చూస్తే ఏం మజా ఉంటుంది? నవ్వొచ్చే సీన్లో పక్కవాడి నవ్వు వినపడాలి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది కాబట్టి దేశం మొత్తం పాలంపేట వస్తోంది. మనలోనే దాచుకుందాం అనుకుంటే వచ్చేదా?

మత్తడి:
గుడిని లక్షమంది చూసినా గుడి ఉంటుంది. చేపను ఒకడు పట్టుకుంటే రెండోవాడికి లేదు. పైగా వానాకాలంలో కొర్రమట్ట గట్టు పక్కన గడ్డిలో గుడ్లు పెట్టి పిల్లలు చేస్తుంది. ఎర్రటి పిల్లలన్నీ గుంపుగా నీటి మీద తిరుగుతుంటే తల్లీతండ్రీ కిందనే కాపలా కాస్తాయి. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీదపడతాయి, అందుకే అప్పుడు గాలానికి సులువుగా దొరుకుతాయి. పట్టేశారనుకోండి, ఆ పిల్లల గుంపు మిగతా చేపలకు మేతే. ఎర్ర గుంపు కనపడితే నేను గాలం తీసేస్తాను. ఆదివారం గుంపుకు ఇవన్నీ ఎవరు చెప్పాలి? వీడియోలో వాడైతే చెప్పలేదు.

ధర్మసాగర్ వాలా:
కొర్రమట్టకు కప్పే ఎందుకు, ఎర్రలు (వానపాములు) గుచ్చినా పడుతుంది.

మత్తడి:
చిన్నవి పడతాయి.

ధర్మసాగర్ వాలా:
పెద్దవే పడ్డాయి. నా దగ్గర ఫొటోలున్నాయి.

పాత అట్ట:
మత్తడి అన్న మాటకు నా ఓటు. నా సంగతి చేపలు కాదు, చందమామలు. 1950ల నుంచి ఉన్నాయి, మధ్యమధ్య గండ్లు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు తిరిగి ఒక్కొక్కటి ఏరుకున్నాను. ఒక మిత్రుడు, పేరు వద్దు, వాళ్ల అబ్బాయికి చూపిస్తానని ఒక సంవత్సరం సంచికలన్నీ పట్టుకెళ్లాడు. తిరిగి వచ్చేసరికి గట్టి అట్ట వేసి బైండ్ చేయించి ఉన్నాయి. నాకు సాయం చేశాననుకున్నాడు పాపం. ఆ బైండరు మూడు వైపులా అంచులు కోసేశాడు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాల్లో కింద సంతకం దగ్గర సగం పోయింది. ఆ రోజు నుంచి నా ఇంటి గడప దాటి ఒక్క పుస్తకం పోలేదు.

రెండో ఆట:
పుస్తకం చదవడానికా, సంతకం చూసుకోవడానికా? కొడవటిగంటి కుటుంబరావు మొదటి సంచిక నుంచి కూర్చుని తీర్చిదిద్దిన పత్రిక అది. పిల్లలు చేతులతో తిప్పి నలపాలనే కదా తెచ్చింది.

పాత అట్ట:
మొదటి సంచిక 1947 జూలైలో వచ్చింది. కొ.కు. చేరింది 1952లో. ముందు అది తెలుసుకుని రండి.

రెండో ఆట:
సంవత్సరం ఏదైతే ఏంది సార్, నేను మాట్లాడేది వేరే.

పాత అట్ట:
ఏదైతే ఏంది అనే మనిషికే నేను పుస్తకం ఇవ్వనిది. అప్పటి కాగితం సంగతి తెలుసా మీకు? పసుపు తిరిగి మూల మడిస్తే విరుగుతుంది. మధ్యలో పిన్నులు తుప్పుపట్టి కాగితాన్ని తింటాయి. నేను ఒక్కో పిన్ను తీసి దారంతో కుట్టాను. ‘బేతాళ కథ బాగుంది’ అని చదివి పడేసేవాడికి స్కాన్లు నెట్లో ఉచితంగా ఉన్నాయి, చదువుకోమనండి. అసలు పుస్తకమే కావాలంటారా, కొనుక్కోమనండి.

కాజీపేట జంక్షన్:
సార్, స్కాన్ల లింకు ఉందా?

హన్మకొండ పిల్ల:
మా నాన్న వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి బైండ్ చేయించేవాడు. పాత అట్ట సార్ చూస్తే గుండె ఆగుతుందేమో.

రెండో ఆట:
‘కొనుక్కోమనండి’ అన్నారు చూడండి, అక్కడ దొరికారు. ఇప్పుడు చెప్తా వినండి. మా వాడకట్టులో చందమామ వచ్చే ఇల్లు ఒకటే ఉండేది. ఆ ఇంటి కొడుకు నాతోనే చదివేవాడు. నెల మొదట్లో పోయి అడిగితే వాళ్లమ్మ ముందు చేతులు చూపించమనేది. ముందూ వెనకా తిప్పి చూపించాక, అరుగు మీద కూర్చుని చదివి అక్కడే ఇచ్చేసి పొమ్మనేది. వాళ్లబ్బాయి మాత్రం అన్నం తింటూ చదివేవాడు, పేజీల మీద పప్పు మరకలు నేను చూశాను. నా చేతులకే పరీక్ష. మీ కాగితం, మీ పిన్నులు, మీ అంచులు అంటుంటే నాకు ఆ అరుగే గుర్తొస్తుంది. పుస్తకం పాడవుతుందని కాదు మీ భయం. ఎవరు ముట్టుకుంటారో అని.

పాత అట్ట:
మీరెవరో నాకు తెలియదు, మీ అరుగుతో నాకేం సంబంధం? నేను పెద్దింటి కొడుకుననుకుంటున్నారేమో. మా నాన్న బట్టల మిల్లులో పనిచేసేవాడు. మా ఇంటికి ఏ పత్రికా రాలేదు. నా జీతం మొదలయ్యాక, ఇల్లు గడవగా మిగిలినదాంతో ఏరుకున్నవి ఇవి. ప్యాసింజర్లో నిలబడి పోయి, అన్నం మానేసి టీ బన్నుతో సరిపెట్టుకుని తెచ్చిన సంచికలున్నాయి. చిన్నప్పుడు నాకూ లేవు కాబట్టే ఇప్పుడు ఇవ్వను. మీకూ లేవు కాబట్టి అందరికీ ఇవ్వాలంటారు. మీ బాధతో నాకు నీతి చెప్పకండి.

జనగామ బస్సు:
ఇద్దరూ చల్లబడండి సార్. చర్చ చేపల మీద కదా.

రెండో ఆట:
చేపల మీద కూడా ఇదే. మత్తడి అన్న దోస్తుకు గాలం నేర్పాడు, బెండు నేర్పాడు. ఆ తర్వాత వాడు దాన్ని తనకు తోచినట్టు చేసుకున్నాడు. అక్కడ కోపం వచ్చింది. మీరు పంచుకోవడం అంటున్నది పంచుకోవడమే కాదు. ‘నా పక్కన కూర్చో, నేను చేసినట్టే చెయ్యి, నేను పోయినప్పుడే రా.’ దాన్ని అసిస్టెంట్‌ను పెట్టుకోవడం అంటారు. ఒకసారి ఇచ్చాక అది వాడిది కూడా.

మత్తడి:
వాడిదా? ఇప్పుడు వాడు ఆ వీడియోలో ‘మన స్పాట్’ అంటున్నాడు. నా పేరు ఒక్కసారి రాలేదు. దానికి కూడా నాకు బాధ లేదు. మాతో ఇంకో ఇద్దరు వచ్చేవాళ్లు చివర్లో, వాళ్లను తీసుకుని ఇప్పుడు వేరే చెరువుకు పోతున్నాడు. నన్ను పిలవడం లేదు. ఎందుకని అడిగితే ‘నీతో వస్తే మాట్లాడనియ్యవు’ అన్నాడట. గాలం వేసినప్పుడు గట్టు మీద అడుగుల చప్పుడు, కేకలు ఉంటే చేప ఉంటుందా? సప్పుడు చేయకుండా కూర్చోలేనివాడు ఎందుకు రావాలి?

హన్మకొండ పిల్ల:
అన్నా, అయితే కోపం వీడియో మీద కాదన్నమాట.

మత్తడి:
వీడియో మీదే.

సొసైటీ బిడ్డ:
ఇంతసేపు చదివాను, ఆగలేక రాస్తున్నా. మాది చేపలు పట్టే కుటుంబం. మా నాన్న మా ఊరి మత్స్యకార సొసైటీలో సభ్యుడు. ఇక్కడ ఒకరు ‘నా స్పాట్’ అంటున్నారు, ఇంకొకరు ‘ఒకసారి ఇస్తే అది వాడిది’ అంటున్నారు. మధ్యలో చెరువు ఎవరిదో ఒక్కరూ అడగలేదు. ఆ చేప మీద హక్కుకు సొసైటీ డబ్బు కడుతుంది. రాత్రి కాపలా మావాళ్లది. తెల్లారి నాలుగింటికి వలలు తీసేది మావాళ్లు. మీకది ఆదివారం సరదా, మాకది పిల్లల ఫీజు. మిమ్మల్ని వెళ్లగొట్టారని రాశారు. అంతకుముందు ఏళ్ల తరబడి చూసీ చూడనట్టు ఊరుకున్నారని రాయలేదు. ఒక్క మనిషి గాలం వేస్తే ఎవరూ ఏమనరు. ముప్పై మంది వస్తే అంటారు.

కాజీపేట జంక్షన్:
అక్కా, 2016 నుంచి సర్కారే చేపపిల్లలను ఉచితంగా వదులుతోంది కదా. ప్రజల డబ్బు కాదా అది?

సొసైటీ బిడ్డ:
వదిలేది ఎక్కువగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ. వదిలిన రోజు ఫొటో దిగేవాళ్లు చాలామంది. తర్వాత వేసవికి నీళ్లు తగ్గినప్పుడు చెరువు చుట్టూ తిరిగేది మేము. మత్తడి అన్న చెప్పే కొర్రమట్ట ఎవరూ వదిలింది కాదు, దానంతట అది పెరిగేదే. మిరుగు (మృగశిర కార్తె) రోజు దానికి పలికే ధర మీకు తెలుసు. కాబట్టి ఆ మడుగులో వేసిన ప్రతి గాలం మాకు లెక్కే.

రెండో ఆట:
అమ్మా, మీ కష్టం కాదనను. కాకతీయుల కాలం నుంచి చెరువంటే ఊరందరిది కదా. నీళ్లకు పొలంవాడు, బట్టలకు చాకలి, పశువులు, అందరూ.

సొసైటీ బిడ్డ:
నీళ్లు అందరివి. అందరివి కాబట్టే ఎవరి వంతు ఏందో ఊళ్లో ముందే తేల్చుకుంటారు. తూము ఇష్టమొచ్చినవాడు తెరుస్తాడా?

ధర్మసాగర్ వాలా:
ఎర్రలతో పడ్డ కొర్రమట్ట ఫొటో పెట్టాను, ఎవరూ చూడలేదు.

పాత అట్ట:
అమ్మాయి చెప్పిందే నేను మొదటి నుంచీ చెప్తున్నది. కష్టపడి కాపాడినవాడికి షరతు పెట్టే హక్కు ఉంది.

రెండో ఆట:
ఆమె షరతు వేరు, మీది వేరు. ఆమెకు అది బతుకు, పైగా ఊరందరికీ తెలిసిన షరతు. మీ మిత్రుడికి అంచులు కోయించొద్దని ముందు చెప్పారా? చెప్పకపోతే వాడికి ఎట్లా తెలుస్తుంది? మంచి మనసుతో డబ్బు పెట్టి అట్ట వేయించాడు.

పాత అట్ట:
పుస్తకం ప్రేమించేవాడికి చెప్పనక్కర్లేదు.

మత్తడి:
సొసైటీ బిడ్డకు ఒక ప్రశ్న. సభ్యత్వం లేనివాడు పద్ధతిగా గాలం వేయాలంటే ఏం చేయాలి?

సొసైటీ బిడ్డ:
మా ఊళ్లో అయితే ముందు వచ్చి అధ్యక్షుడికి ఒక మాట చెప్పాలి. పిల్లలు పెట్టే కాలంలో మడుగు వైపు పోవద్దు. దసరా దాటాక కట్ట మీద కూర్చుని వేసుకోండి, ఇంటికి సరిపడా పట్టుకోండి. మీ ఊళ్లో ఎట్లనో అక్కడే అడగండి.

మత్తడి:
దసరా తర్వాత వాగులో నీళ్లుండవు. కట్ట మీద నుంచి వేస్తే అడుగున రాళ్లకు గాలం చిక్కుతుంది.

సొసైటీ బిడ్డ:
చిక్కితే తెంపుకోండి అన్నా. ఏం చేస్తాం.

హన్మకొండ పిల్ల:
దోస్తును తీసుకుపోవచ్చా?

సొసైటీ బిడ్డ:
వీడియో తీయనని చెప్తే ఎవరినైనా.

రెండో ఆట:
మత్తడి అన్నా, మీరు మీ దోస్తుకు ఈ ఒక్క మాట ముందు చెప్పారా? వీడియో తీయకు, ఎవరికీ చెప్పకు అని?

మత్తడి:
అది కూడా నోరు తెరిచి చెప్పాలా దోస్తుకు?

రెండో ఆట:
చెప్పాలన్నా. నాలాంటోళ్లకైతే చెప్పాలి.