ఖరీదైన ల్యాప్‌టాప్‌లో నత్తనడక కార్డు రీడర్: ఇది సమర్థనీయమేనా?

హన్మకొండ పెండ్లి ఫొటోగ్రాఫర్:

లక్షన్నర రూపాయలు పోసి కొన్న ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, తెర, ఎస్‌ఎస్‌డీ అన్నీ మేలైనవే ఇచ్చి, మెమరీ కార్డు రీడర్‌ను మాత్రం లోపల యూఎస్‌బీ 2.0 అనే పాత, నెమ్మది దారికి తగిలించి వదిలేయడం ఎంతవరకు సమంజసమో పెద్దలు చెప్పాలి. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. పనిలోకి వచ్చేసరికి 35 నుంచి 40 మెగాబైట్లు దాటడం కష్టం. ఆ లెక్కన 128 జీబీ కార్డు ఖాళీ కావడానికి ఇంచుమించు గంట పడుతుంది. అదే కార్డు యూహెచ్‌ఎస్-2 (ఎస్‌డీ కార్డుల్లో రెండు వరుసల పిన్నులతో పనిచేసే వేగమైన పద్ధతి) రీడర్‌లో సెకనుకు 250 మెగాబైట్లు చదివితే తొమ్మిది నిమిషాల లోపే పని అయిపోతుంది. పొద్దున తలంబ్రాలు, రాత్రి బరాత్ ఉన్న పెండ్లిలో, మధ్యాహ్నం భోజనాల వేళ కార్డులు ఖాళీ చేసుకునే మాలాంటి వాళ్లకు ఈ తేడా చిన్నదేమీ కాదు. పైగా రెండు డ్రైవుల్లో కాపీ పడి, సరిచూసే సాఫ్ట్‌వేర్ కార్డును మళ్లీ మొదటి నుంచి చదివి సరే అన్న తర్వాతే మేము కార్డును ఫార్మాట్ చేస్తాము కాబట్టి, రీడర్ నెమ్మది అయితే ఆ భారం రెండింతలు అవుతుంది.

కరీంనగర్ ల్యాప్‌టాప్ దుకాణదారు:

మీ ఇబ్బంది నిజమే గానీ, అమ్మే వైపు నుంచి చూస్తే కథ వేరు. మా దగ్గర ఈ ధరలో కొనేవారిలో ఎక్కువ మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇంజినీరింగ్ విద్యార్థులు. వారు ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, బరువెంత అని అడుగుతారే తప్ప కార్డు రీడర్ మాట ఎత్తరు. బోర్డు మీద పీసీఐఈ దారులు, అంటే ప్రాసెసర్‌తో మిగతా భాగాలను కలిపే వేగమైన దారులు, లెక్కపెట్టినట్టు ఉంటాయి. ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీకే నాలుగు పోతాయి, వైఫైకి ఒకటి పోతుంది. మిగిలినదాన్ని నూటికి ఒకరు వాడే రంధ్రానికి కేటాయించమంటే ఏ కంపెనీ అయినా వెనుకాడుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఏ కార్డును నమ్ముకొని రీడర్ పెట్టాలి? పెద్ద కెమెరాలు సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే వేరే రకం కార్డు వైపు వెళ్తున్నాయి. ఎస్‌డీల్లోనే కొత్త రకమైన ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డేమో యూహెచ్‌ఎస్-2 రీడర్‌లో పెడితే, అంతకు ముందటి పద్ధతి అయిన యూహెచ్‌ఎస్-1 వేగానికే, అంటే 104 మెగాబైట్ల గరిష్ఠానికే పరిమితం అవుతుంది, ఎందుకంటే రెండో వరుస పిన్నులను ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్, యూహెచ్‌ఎస్-2 వేర్వేరుగా వాడుకుంటాయి. ఈ గందరగోళంలో, విడిగా ఒక మంచి యూఎస్‌బీ 3 రీడర్ కొనుక్కోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

మంచిర్యాల వీడియో ఎడిటర్:

నాకు డ్రోన్ కార్డులే ఎక్కువ, అవి యూహెచ్‌ఎస్-1వే కాబట్టి 90 మెగాబైట్లు వస్తే చాలు. రాత్రి కాపీకి పెట్టి పడుకుంటాను. కానీ 90 కూడా రాని రీడర్‌ను పెట్టి దాన్ని ‘క్రియేటర్ల ల్యాప్‌టాప్’ అని అమ్మడం మాత్రం నాకు నచ్చలేదు.

హన్మకొండ పెండ్లి ఫొటోగ్రాఫర్:

దుకాణదారు గారి మాటల్లో పీసీఐఈ దారుల సంగతి ఒప్పుకోదగినదే. విడిగా రీడర్ కొనుక్కోమన్న సలహా దగ్గరే నాకు అభ్యంతరం. ఈ సన్నని ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి రెండే టైప్-సీ పోర్టులు ఉంటాయి. ఒకదానికి చార్జర్, ఇంకొకదానికి బ్యాకప్ ఎస్‌ఎస్‌డీ పెట్టాక రీడర్‌ను ఎక్కడ గుచ్చాలి? దానికోసం ఒక హబ్ కొనాలి, ఆ హబ్‌కు ఒక తీగ వేలాడుతుంది. ఫంక్షన్ హాల్ గదిలో చుట్టాల పిల్లలు అటూ ఇటూ పరుగెడుతుండగా కాపీ మధ్యలో ఆ తీగ కదిలితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. లోపలే ఉన్న రీడర్‌కు ఆ గొడవ లేదు, దాన్ని ఇంట్లో మరిచిపోయే ప్రసక్తీ లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. రీడర్ నెమ్మదిగా ఉండడం కన్నా, ఆ సంగతి ఎక్కడా రాయకపోవడం పెద్ద తప్పు. 2018లో వచ్చిన సోనీ ఏ7-3 కెమెరాలో కూడా ఒక స్లాటు యూహెచ్‌ఎస్-2, రెండోది యూహెచ్‌ఎస్-1 మాత్రమే. కానీ ఆ సంగతి స్పెసిఫికేషన్లలోనే స్పష్టంగా రాసి ఉంది కాబట్టి, కొనేవాడు వేగమైన కార్డును ఏ స్లాటులో పెట్టాలో తెలుసుకొనే కొంటాడు. ల్యాప్‌టాప్ పెట్టె మీదనేమో ‘ఎస్‌డీ కార్డు రీడర్’ అన్న మూడు మాటలే ఉంటాయి. ఆపిల్ 2016లో మాక్‌బుక్ ప్రో నుంచి ఎస్‌డీ స్లాటును తీసేసి, 2021లో 14, 16 అంగుళాల నమూనాల్లో తిరిగి తెచ్చినప్పుడు యూహెచ్‌ఎస్-2నే తెచ్చింది. దాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు (ఆ ధరకు ఆ మాత్రం ఇవ్వకపోతే ఎట్లా?), చేయదలిస్తే చేయవచ్చని మాత్రమే అంటున్నాను. ఇష్టం లేకపోతే స్లాటును పూర్తిగా తీసేయండి, తీసేశామని చెప్పండి. మేము హబ్ ఖర్చు కూడా కలుపుకొని ధర చూసుకుంటాము. పెట్టినట్టే పెట్టి పనికి రాకుండా చేయడం, ఇంటి ముందు బోరు వేసి చుక్క నీరు రాకపోయినా ‘బోరుంది’ అని ఇల్లు అమ్మడం లాంటిది.

వరంగల్ ఇంజినీరింగ్ విద్యార్థి:

కార్డుల మీద రాసే అంకెలను కూడా ఇక్కడ విడదీసి చూడాలి. వీ30, వీ60, వీ90 అన్నవి వీడియో తీసేటప్పుడు కార్డు ఆగకుండా రాయగలిగే కనీస వేగాన్ని చెబుతాయి గానీ, కాపీ చేసేటప్పటి వేగాన్ని చెప్పవు. కొన్ని యూహెచ్‌ఎస్-1 కార్డుల మీద 170, 200 అని కనిపించే అంకెలు ఆయా కంపెనీల సొంత పద్ధతితో వచ్చేవి. దానికి తగిన రీడర్ లేకపోతే 104 లోపే ఆగిపోతాయి. కార్డు వెనుక బంగారు రంగు పిన్నులు రెండు వరుసలుగా ఉంటే అది యూహెచ్‌ఎస్-2 అయి ఉండే అవకాశం ఎక్కువ, ఒకే వరుస ఉంటే కచ్చితంగా కాదు.

రీడర్ ఏ దారిలో ఉందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. లైనక్స్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశానికి ‘-టీ’ జోడించి కొడితే, రీడర్ పక్కన 480ఎం అని వస్తే యూఎస్‌బీ 2.0, 5000ఎం అని వస్తే యూఎస్‌బీ 3. ఆ జాబితాలో లేకుండా ‘ఎల్ఎస్‌పీసీఐ’లో కనిపిస్తే అది పీసీఐఈ మీద ఉన్నట్టు. విండోస్‌లోనైతే డివైస్ మేనేజర్‌లో రీడర్ పేరులోనే పీసీఐఈ అనో యూఎస్‌బీ అనో తరచుగా ఉంటుంది. అయితే దారి విశాలంగా ఉన్నా స్లాటులో రెండో వరుస పిన్నులు లేకపోతే యూహెచ్‌ఎస్-1 దగ్గరే ఆగుతుంది కాబట్టి, ఒక పెద్ద వీడియో ఫైలును కాపీ చేసి చూడడమే అసలు పరీక్ష.

కరీంనగర్ ల్యాప్‌టాప్ దుకాణదారు:

స్పెసిఫికేషన్లలో రాయాలన్న మాటకు నేను అడ్డు చెప్పను. రాస్తే మాకూ జవాబు చెప్పడం సులువవుతుంది. పీసీఐఈ దారి ఇవ్వకపోయినా కనీసం యూఎస్‌బీ 3కు తగిలించవచ్చు కదా అంటే దానికీ నా దగ్గర సమాధానం లేదు. కానీ వేగమైన రీడర్ ఉన్నందుకు నాలుగు వేలు ఎక్కువ అని చెబితే, మీరు తప్ప ఇంకెవరు కొంటారన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. సీల్ విప్పిన పెట్టెను మేము వెనక్కి తీసుకోలేము గానీ, డెమో పీస్ ఉన్న నమూనా అయితే మీ కార్డు, మీ ఫైలు తెచ్చుకొని మా కౌంటర్ మీదే కాపీ చేసి చూసుకోవచ్చు.

హన్మకొండ పెండ్లి ఫొటోగ్రాఫర్:

ఆ నాలుగు వేలు ఇచ్చేవాళ్లు హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల స్టూడియోల్లోనే బోలెడు మంది దొరుకుతారు. ముహూర్తాలు అయిపోగానే కార్డు తీసుకొని వస్తాను, డెమో పీస్ పక్కన పెట్టి ఉంచండి.