ఆటగాళ్లు కథను దారి మళ్లించినప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్కారం. నలుగురు మిత్రులతో ప్రతి ఆదివారం రాత్రి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపిస్తుంటే, మిగతావారు అందులోని పాత్రలుగా పాచికలు వేస్తూ ఆడే ఆట) ఆడిస్తున్నాను. చెరువు నీరు విషమైపోయిన ఒక ఊరిని కల్పించి, కారకుడెవరో తెలిపే లేఖను పాడుబడ్డ గుడిలో దాచి, ఆ దారికి ఒక దొంగల ముఠాను కాపలా పెట్టాను. ఆటగాళ్లు ముఠాతో పోరాడకుండా దాని నాయకురాలితో స్నేహం చేసుకుని, చెరలో ఉన్న ఆమె తమ్ముణ్ణి విడిపించడానికి పట్నం బయలుదేరారు. పట్నం గురించి నేనేమీ రాసుకోలేదు కనుక, వంతెన కూలిపోయిందని చెప్పి వారిని వెనక్కి తిప్పాను. ఆ తరువాత రెండు గంటలూ వారు ముభావంగా ఆడటం చూసి చాలా బాధపడ్డాను. ఎంతవరకు ముందుగా రాసుకోవాలి, ఎంతవరకు అప్పటికప్పుడు అల్లుకోవాలి?

మొదటి జవాబు:
సంఘటనలను కాకుండా, ఎవరికి ఏం కావాలో రాసుకోండి. విషం కలిపినవాడు ఎందుకు కలిపాడో, ఎవరూ అడ్డుపడకపోతే పది రోజుల్లో ఏం చేస్తాడో మీకు తెలిస్తే, ఆటగాళ్లు ఎటు వెళ్లినా అతని పనుల జాడ వారికి తగులుతుంది. ముఖ్యమైన రహస్యాన్ని ఒక్క లేఖలోనే దాచకుండా, దానికి కనీసం మూడు ఆధారాలు వేరువేరు చోట్ల ఉంచండి. పాచిక పడకపోయినా కథ ఆగకూడదు: తాళం తీయబోయి విఫలమైతే, తలుపు తెరుచుకుంటుంది గాని ఆ అలికిడికి కాపలావాడు మేల్కొంటాడు.

రెండవ జవాబు:
మీ ఇబ్బంది ఈ ఆట పుట్టుకలోనే ఉంది. 1960ల చివర అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ అనే ఆయన, బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణంలో బల్లపై ఆడే ఒక యుద్ధక్రీడ నడుపుతూ, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్రనూ లక్ష్యాన్నీ ఇచ్చారు. ఇద్దరు ఆటగాళ్లు ద్వంద్వయుద్ధానికి సవాలు విసురుకోగా, దానికి నియమాలేవీ లేనందున అక్కడికక్కడే కల్పించవలసి వచ్చింది. అంతా గందరగోళమైందని, ప్రయోగం విఫలమైందని ఆయన భావించారు గాని, ఆడినవారు మళ్లీ ఆడించమని కోరారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ మరో ఆటల రూపకర్త గ్యారీ గైగాక్స్‌తో కలిసి రూపొందించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది.

మూడవ జవాబు:
ఒక్క హెచ్చరిక. గుడిలోని లేఖనే గుట్టుగా పట్నానికి మార్చి, ఎటు వెళ్లినా అదే దొరికేలా చేయకండి. అప్పుడు వారి నిర్ణయానికి విలువేముంది? ఏమీ తోచనప్పుడు, పది నిమిషాలు ఆగుదామని నిజాయితీగా అడగండి. పట్నంలో ఎవరు తెలుసో ఆటగాళ్లనే చెప్పమంటే, సగం పట్నం వారే కట్టిస్తారు.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం ఆట మొదలుపెట్టే ముందు వంతెన విషయంలో చేసిన పొరపాటును మిత్రుల ముందు ఒప్పుకుని, వారిని పట్నం ద్వారం దగ్గరే నిలబెడతాను. ఆ తమ్ముణ్ణి చెరలో పెట్టించినవాడికి ఏం కావాలో ఈ రాత్రే రాసుకుంటాను.