టైల్స్ సందుల్లో తెల్లటి పొడి, నేల కింద చెమ్మ

ప్రశ్న:
పడకగదిలో, స్నానాలగది గోడ వెంబడి టైల్స్ సందుల్లో ఉప్పులాంటి తెల్లటి పొడి పేరుకుంటోంది. తుడిస్తే పోతుంది, మళ్లీ వస్తుంది. మంచం కోళ్లు అడుగున నల్లబడ్డాయి. వాటర్‌ప్రూఫ్ రంగు వేయిస్తే ఆగుతుందా?

జవాబు 1:
దయచేసి రంగు జోలికి ఇప్పుడే వెళ్లకండి. పైన మూసేస్తే కింది చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది. ఆ పొడి సిమెంటు, ఇసుకల్లోని లవణాలే. నీరు వాటిని కరిగించి పైకి తెచ్చి, తాను ఆవిరైపోతుంది. అంటే నీరు ఇంకా వస్తూనే ఉందన్నమాట. కుళాయిలన్నీ కట్టేసి మీటరు చూడండి. ముల్లు కదిలితే గొట్టం కారుతున్నట్టే.

జవాబు 2:
మీటరు కదలకపోయినా నిశ్చింతగా ఉండకండి. వాడిన నీళ్లు పోయే గొట్టం పగిలితే మీటరుకు తెలియదు. స్నానాలగదిలో జాలీ చుట్టూ సిమెంటు ఊడిందేమో వేలితో తడిమి చూడండి. మా ఇంట్లో నీరు దిగింది అక్కడినుంచే.

ప్రశ్న అడిగినవారు:
మీటరు కదలలేదండీ. జాలీ పక్క టైలు మాత్రం తడితే బోలుగా మోగుతోంది.

జవాబు 2:
అయితే ముందు ఆ టైలు తీయించండి. కింద ఇసుక తడిగా ఉంటే జాలీ అతుకు, నీరు దిగకుండా వేసే పొర రెండూ కొత్తగా వేయించాలి. ఆ తర్వాత పడకగది నేలను ఆరనివ్వండి. వారాలు పట్టినా సరే, అందాకా చాప కూడా పరవకండి.